కోత పండుగనాడే పాసయ్యాను

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. ఆ సంగతి ఊరందరికంటే ఆఖరున తెలిసింది కూడా నాకే.

నవ్వకండి, నిజం. నేను పాసయ్యానని ఫ్యాక్టరీ ముందు చెరుకు బండ్లు తోలేవాళ్లకు తెలిసింది, చర్చిలో పాస్టరయ్యకు తెలిసింది, నేను పనిచేసే నర్సింగ్ హోంలో నేల తుడిచే ఆమెకు తెలిసింది. వాళ్లందరికీ తెలిసిన కొన్ని వారాల తర్వాత తెలుసుకున్నాను నేను. ఆ రోజు ఎంత సంతోషమైందంటే, ఇన్నేళ్లయినా ఎవరైనా కాస్త తీరుబడిగా దొరికితే చాలు, మొదటి నుంచి మొదలుపెట్టి చెప్పాలనిపిస్తుంది. ఇప్పుడు మీరు దొరికారు.

మాది బోధన్ పక్కన చెరుకు ఊరు. అవ్వ (మా దిక్కు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం) ఒక ఆసామి తోటలో చెరుకు కోసేది. ఆయన తండ్రి కాలంలోనే కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కుని స్థిరపడ్డ కుటుంబం వాళ్లది. బాపు ఆ చెరుకును ఎడ్లబండి మీద ఫ్యాక్టరీకి తోలేవాడు. ఇద్దరికీ చదువు రాదు. బాపుకు సంతకం వచ్చు గానీ అది రాసినట్టు ఉండదు, బొమ్మ గీసినట్టు ఉంటుంది. నేను తెలుగు మీడియంలో ఇంటర్ పూర్తి చేసి నిజామాబాదులో ఒక నర్సింగ్ హోంలో కుదిరాను. మొదట ఓపీ చీటీలు రాసేదాన్ని. తర్వాత పాత కేసు షీట్లు పెట్టే రికార్డు గదికి వేశారు. పొద్దున బస్సులో పోవడం, సాయంత్రం బస్సులో ఇల్లు చేరడం.

నర్సింగ్ హోం నడిపే డాక్టరమ్మ గొంతు వరండా చివరిదాకా వినబడేది. పాత బిల్డింగు పక్కనే కొత్తది కట్టడం మొదలుపెట్టినప్పుడు ఒకరోజు నన్ను పిలిచింది.

"కొత్త బిల్డింగ్ల ముందట ఆఫీసు పెడుతున్న. అడ్మిషన్లు, బెడ్లు, డిశ్చార్జీలు అన్నీ ఒక్క మనిషే చూస్కోవాలె. డిగ్రీ ఉన్నోళ్లనే పెట్టుకుంట. నువ్వెందుకు చదవవు?"

"కాలేజీకి పోతే డ్యూటీ ఎవలు చేస్తరు మేడం?"

"కాలేజీకి ఎవరు పొమ్మన్నరు? ఇప్పుడు కంప్యూటర్ల చెప్తున్నరు. హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అని ఆసుపత్రి పనికే వేరే డిగ్రీ ఉంది. ఈడ చేసేదే ఆడ చదువుతవు. ఏం కష్టం?"

కష్టమేంటో ఆమెకు తెలియదు. నేను అప్పటిదాకా కంప్యూటర్ మౌస్ ముట్టుకోలేదు. అయినా ఆ ముందాఫీసు కుర్చీ నా కళ్లలో కూర్చుండిపోయింది. చేరాను. యూనివర్సిటీ ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంది. పాఠాలు ఇంటర్నెట్లో పెడతారు, అసైన్‌మెంట్లు టైపు చేసి ఇంటర్నెట్లోనే పంపాలి. పరీక్షలు మాత్రం నిజామాబాదులోనే ఒక కంప్యూటర్ సెంటర్లో, వాళ్ల సిస్టం ముందు కూర్చుని రాయాలి.

నిజామాబాదు బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు మీద ఒక నెట్ కేఫ్ ఉండేది. ఇరుకు మెట్లు, పైన ప్లైవుడ్ చెక్కలతో చేసిన డబ్బాల్లాంటి క్యాబిన్లు, ఒక్కో క్యాబిన్‌కు సగం తలుపు. ఆ రోజుల్లో మా ఊళ్లో నెట్ కేఫ్‌కు మంచి పేరు లేదు. వయసు పిల్లలు ఆ తలుపుల వెనుక ఏం చూస్తారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నాకు వరుసకు పెద్దమ్మ అయ్యే ఒకామె ఉండేది. అవ్వతోపాటే చెరుకు కోసేది. ఆమె మాత్రం పైకే అనేసింది.

"ఆడివిల్ల ఐతారం ఐతారం నెట్ కాడికి పోతుందట గద! గా డబ్బాలల్ల కూసోని ఏం సదువుతరే? మా పొల్లగాడు గూడ పోతడు. వాడు సదివే సదువు నాకు తెల్వదా?"

"నేను గూడ పోత," అన్నది అవ్వ. "ఏం సదువుతదో నేనే సూస్త."

"నీకు సదువు రాదు గదనే!"

"సదువు రాకుంటే కండ్లు గూడ లేవా నాకు?"

అన్నంత పనీ చేసింది. ఆదివారం ఆరాధన కాగానే, చర్చికి కట్టుకున్న తెల్లచీర మీదే నాతో బస్సెక్కింది. కేఫ్ నడిపే ఆయన్ను అందరూ భాయ్ అనేవాళ్లు. మెట్లెక్కి వచ్చిన అవ్వను చూసి ఆయన బెంబేలెత్తాడు.

"అమ్మా, సిస్టంకు ఒక్కలే కూసోవాలె. ఇద్దరు కూసోరాదు."

"నీ మిషిని నేను ముట్ట అన్న. నా బిడ్డను సూస్కుంట కూసుంట. గంతే."

"డబ్బాల జాగ లేదమ్మా, ఎట్ల కూసుంటవు?"

"అయితే మిషిన్నే బయిటికి తెచ్చి పెట్టు."

భాయ్ ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. ఆ మరుసటి ఆదివారానికి ఒక కంప్యూటర్‌ను నిజంగానే బయటికి తెచ్చి, తన కౌంటర్ పక్కన కిటికీ దగ్గర పెట్టాడు. పక్కన ఒక స్టూలు వేశాడు. మూడేళ్లు ఆదివారం మధ్యాహ్నాలు ఆ స్టూలు అవ్వది. ఒళ్లో చాట పెట్టుకుని వెల్లుల్లి వొలిచేది. ఆమె అక్కడ కూర్చోవడం మొదలుపెట్టినప్పటి నుంచి క్యాబిన్లలో కుర్రాళ్లు మునుపటికంటే తొందరగా లేచిపోతున్నారని భాయ్ గునిగేవాడు. గునుగుతూనే ఆమెకు కింది నుంచి చాయ్ తెప్పించేవాడు.

ఇంటర్నెట్ నెమ్మది. పాఠం తెరుచుకునేదాకా తెర మీద ఇసుక గడియారం బొమ్మ తిరగబడుతూ ఉండేది. అవ్వ దాన్ని చాలాసేపు చూసి, "మోటరు నీళ్లు ఎక్కుతలేదా?" అని అడిగేది. భాయ్, "ఎక్కుతది అమ్మా, జర ఓపిక పట్టు," అనేవాడు. కొన్నాళ్లకు ఆయన కూడా కొత్తగా వచ్చిన గిరాకీలతో అదే మాట అనడం మొదలుపెట్టాడు: "మోటరు నీళ్లు ఎక్కుతలే, ఒక్క నిమిషం."

పాఠాలన్నీ ఇంగ్లీషు. మొదటి పాఠంలో ఒక్కో వాక్యానికి ఒక్కో యుద్ధం. డిక్షనరీలో ఒక మాటకు అర్థం వెతికితే ఆ అర్థంలో ఇంకో తెలియని మాట ఎదురయ్యేది. అయితే ఒక వింత జరిగింది. ఇంగ్లీషు అర్థం కాకపోయినా విషయం అర్థమయ్యేది. ఇన్‌పేషెంట్‌ను వార్డు మార్చేటప్పుడు కేసు షీటు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోవాలని అక్కడ బొమ్మ వేసి, బాణాలు గీసి చూపిస్తే, అది మా వరండాలో రోజూ జరిగే గొడవే కదా అని నవ్వొచ్చేది. మా వార్డు బాయ్‌లను, మా నర్సులను ఆ బాణాల మీద నడిపించుకుంటూ చదివాను. పాఠాలు ప్రింటు తీయించుకుని బస్సులో చదివేదాన్ని. కిటికీ పక్క సీటు దొరికిన రోజు ఒక పాఠం అయిపోయేది.

మొదటి అసైన్‌మెంటు టైపు చేసి చివరి లైనులో ఉండగా కరెంటు పోయింది. అంతా పోయింది. నాకు ఏడుపొచ్చింది. అవ్వ చాట పక్కన పెట్టి, "పోతే మల్ల కొట్టు. రాసింది నీ తలకాయలనే ఉన్నది గదా, గా డబ్బాల ఉన్నదా?" అన్నది. మళ్లీ కొట్టాను. ఈసారి ప్రతి పేరాకు ఒకసారి సేవ్ చేశాను. అది తిరిగి వచ్చినప్పుడు కింద ఎవరో తెలియని మాస్టారు 'గుడ్' అని ఒక్క మాట రాశాడు. అవ్వ ఆ మాట ఎక్కడుందో చూపించమని అడిగి, చూపించాక వేలితో దాన్ని తడిమింది.

"ముట్టకు అమ్మా, గలీజైతది!" అన్నాడు భాయ్.

"చర్చికి పొయ్యొచ్చిన చేతులు, ఏం గలీజు?" అన్నది అవ్వ. వెల్లుల్లి వాసన మాత్రం ఆ తెరకు సాయంత్రం దాకా ఉంది.

కోర్సులో విద్యార్థులు మాట్లాడుకునే పేజీ ఒకటి ఉండేది. అందులో గల్ఫ్‌లో ఒక ఆసుపత్రి స్టోర్‌లో పనిచేసే ఒకతనికి, నాకు మందుల నిల్వ గురించి ఇంగ్లీషులో పెద్ద వాదన నడిచింది. ఆయన ఇంగ్లీషుకు నేను భయపడేదాన్ని, నా ఇంగ్లీషుకు ఆయన భయపడేవాడట. ఒకరోజు మీదే ఊరు అని అడిగితే మా జిల్లాలోనే ఉన్న కమ్మర్‌పల్లి అన్నాడు. ఇక ఆ రోజు నుంచి ఇద్దరం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసుకున్నాం. "అన్నా, గీ నాలుగో పాఠం ఏం సమజ్ కాలే," అని నేను రాస్తే, "నాకు ఐనట్టు అడుగుతున్నవు చెల్లె," అని ఆయన. ఆ పేజీ చూసే మాస్టార్లు అదేం భాష అనుకున్నారో.

ఇట్లా మూడేళ్లు. ఆఖరి పరీక్షలు మా దిక్కు చెరుకు కోతలు మొదలైన కొత్తలో వచ్చాయి. అన్నింటికంటే చివరిది ఆసుపత్రి రికార్డుల పేపరు. అది నా సొంత గది లాంటిది. కళ్లు మూసుకుని రాస్తాననుకున్నాను. రాస్తూనే ఉన్నాను కూడా. సగం దాటాక సెంటర్లో కరెంటు పోయింది. బ్యాటరీ ఉందన్నారు గానీ మా వరుసలో నాలుగు సిస్టంలు టపటపా ఆరిపోయాయి. మళ్లీ వెలిగించి, మిగిలిన ప్రశ్నలు రాయించారు. అంతకుముందు రాసినవి తెర మీద కనబడలేదు.

"అవి పోయినట్టా సార్?" అని అడిగాను.

"సేవ్ అయి ఉండొచ్చు," అన్నాడు అక్కడున్న సూపర్‌వైజర్.

'ఉండొచ్చు' అనే మాటను ఇంటిదాకా బస్సులో మోసుకొచ్చాను. అవ్వతో మాత్రం, "రాసిన, అయిపోయింది," అన్నాను. కరెంటు సంగతి కూడా చెప్పాను. ఆమె "సరే" అని గిన్నెలు తోముకుంది.

ఆ వారమే మా చర్చిలో కోత పండుగ. ఏడాదికి ఒక్కసారి వస్తుంది. ఎవరి చేతికి వచ్చిన తొలి పంట వాళ్లు చర్చికి తెస్తారు: వడ్ల మూట, గుమ్మడికాయ, పసుపు కొమ్ములు, కోడిపుంజు. తెచ్చినవాళ్లు ఒక్కొక్కరే లేచి దేవుడు ఈ ఏడు తమకేం మేలు చేశాడో సాక్ష్యం చెప్పాలి. ఆరాధన అయ్యాక బయట చెట్టు నీడలో ఆ వస్తువులన్నీ వేలం వేస్తారు. మాకు సొంత భూమి లేదు. కోతకు పోయిన తోటలో ఆసామి ఇచ్చిన తొలి గడలు అవ్వ ప్రతి ఏడూ కట్టకట్టి తెచ్చేది. సాక్ష్యం మాత్రం ఎప్పుడూ చెప్పేది కాదు. సిగ్గు.

ఆ ఏడు లేచి నిలబడింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"నా బిడ్డ డిగ్రీ అయింది. మా ఇంట్ల మా తాతల కానుంచి ఎవలు సదువలే. గిది సదివింది. దేవునికి స్తోత్రం," అన్నది.

చర్చంతా "స్తోత్రం" అన్నది. తర్వాత చప్పట్లు. నేను ఆమె చీర పట్టి గుంజుతూనే ఉన్నాను. పాస్టరయ్య కళ్లు మూసుకుని నా మీద ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రార్థన మధ్యలో లేచి "అయ్యా, ఇంకా కాలేదు," అని చెప్పే ధైర్యం మా చర్చిలో ఎవరికీ ఉండదు. నాకూ లేకపోయింది.

బయటికి వచ్చీ రాగానే ఆమెను గోడ పక్కకు లాగాను.

"అవ్వా, రిజల్ట్ రాలేదు గదనే! ఉత్త పరీక్షనే రాసిన!"

"పరీక్ష రాసినవా, లేదా?"

"రాసిన."

"మల్ల? చెరుకు కోసినంక గడ తెస్తమా, ఫ్యాక్టరోళ్లు కాంటా ఏసి పైసలిచ్చినంక తెస్తమా? కోసినంకనే తెస్తం. పైసలు వాటి టైముకు అవే వస్తయి. నువ్వు కోత కోసినవు. వాళ్లు కాంటా ఏస్తున్నరు. నేను చెప్పిన దాంట్ల తప్పేమున్నది?"

"ఫెయిలైతే?"

"కోసిన చెరుకు మల్ల లేసి నిలవడతదా?"

పైగా కోత పండుగ మళ్లీ ఏడాదికి గానీ రాదు, అప్పటిదాకా దేవుణ్ని ఆగమంటావా అని నన్నే నిలదీసింది. ఇంతలో అక్కడ చెరుకు కట్ట వేలానికి వచ్చింది. ఏటా ఎవరో ఒకరు మాట వరుసకు పాడి తీసుకునే కట్ట, ఆ రోజు 'డిగ్రీ చెరుకు' అయిపోయింది. పాట మీద పాట. చివరికి పెద్దమ్మ లేచి నిలబడి చేతులు అడ్డంగా ఊపింది.

"ఆగుర్రి, ఆగుర్రి! నాదే పాట! గీ గడ నమిలితే మా పొల్లగాడు గూడ పాసైతడేమో సూస్త!"

నెట్ కేఫ్ గురించి నన్ను ఆడిపోసుకున్న మనిషే, ఆ సాయంత్రం వాడలో అందరికీ ఆ గడలు ముక్కలు చేసి పంచింది.

బాపు ఆ రోజు చర్చిలో లేడు. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ గేటు దగ్గర వరుసలో నిలబడితే ఒక్కోసారి మరుసటి రోజు దాకా లోపలికి పోవు. ఆ బండ్ల వరుసలో వార్త ఎద్దు కంటే వేగంగా నడుస్తుంది. వరుస చివర నిలబడ్డ మా ఊరివాళ్లు చెప్పిన కబురు ముందున్న బాపుకు చేరేసరికి నేను డిగ్రీలో మొదటి ర్యాంకు కూడా తెచ్చుకున్నాను. ఆయన జిలేబీల పొట్లంతో ఇంటికొచ్చాడు. నేను నోరు తెరిచేలోగా అవ్వ తన కాలితో నా కాలు తొక్కింది.

"పండుగ పూట తిననియ్యి," అన్నది మెల్లగా. జిలేబీ తిన్నాను. తియ్యగానే ఉంది.

సోమవారం నర్సింగ్ హోంకు పోతే మా చర్చికే వచ్చే ఒక నర్సు నాకంటే ముందే చేరి, కేకు తెప్పించి పెట్టింది. అందరూ చుట్టూ నిలబడ్డారు. ఇక ఆగలేక నేరుగా డాక్టరమ్మ గదిలోకి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, కరెంటు పోయిన సంగతితో సహా. ఆమె కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకుని నవ్వింది. నవ్వి నవ్వి ఆగింది.

"మీ అమ్మను నేనొకసారి చూడాలె. సరే, విను. కొత్త బిల్డింగ్ తెరిచే రోజుకు రిజల్ట్ రావాలె. పాసైతే ఆ కుర్చీ నీది. కాకుంటే వేరేవాళ్లను పెట్టుకోక తప్పదు. ఒక్కసారి ఒకళ్లను కూసోబెట్టినంక మల్ల లేపుడు నాతోని కాదు."

"సరే మేడం."

"కేకు మాత్రం కోసెయ్. పాడైతది."

ఇక ఆ తర్వాతి రోజులు వింతగా గడిచాయి. డిగ్రీ రాకుండానే డిగ్రీ మర్యాదలు. బస్సులో ఒకాయన లేచి సీటిచ్చాడు. మా వాడలో ఒక ముసలాయన పురుగుల మందు డబ్బా తెచ్చి, "డిగ్రీ అయింది గద బిడ్డా, గిది ఎన్ని నీళ్లల్ల కలుపాల్నో సదివి చెప్పు," అన్నాడు. డబ్బా మీద తెలుగులోనే ఉంది. చదివి చెప్పాను. "సూసినవా, డిగ్రీ అంటే డిగ్రీనే!" అని ఆయన పక్కవాళ్లకు చెప్పుకుంటూ పోయాడు. నాకేమో లోపల 'ఉండొచ్చు' అనే మాట టకటకా కొట్టుకునేది. కొత్త బిల్డింగుకు సున్నం వేయడం అయిపోయింది, బోర్డు రాయడం మొదలైంది. ముందాఫీసులో కుర్చీ వేశారు, ఇంకా పాలిథీన్ కవరు తీయలేదు. నేను అటువైపు చూడకుండా నడిచేదాన్ని.

రోజూ డ్యూటీ దిగి కేఫ్ మెట్లెక్కేదాన్ని. "వచ్చిందా భాయ్?" "రాలే చెల్లె." నా హాల్‌టికెట్ నంబరు ఆయనకు నోటికి వచ్చేసింది.

ఒకరోజు ఆగలేక మధ్యాహ్నం భోజనం వేళకే పోయాను. సగం మెట్లు ఎక్కానో లేదో పైనుంచి ఆయన గొంతు వినబడింది. "జల్ది రా! వచ్చినయి!"

"ఏమున్నది? పాసేనా?"

"నేను చూడలే. నీది నువ్వే చూడాలె. కూసో."

కిటికీ పక్క సిస్టం ఖాళీగా పెట్టి ఉంచాడు. నంబరు కొట్టాను. పేజీ మీది నుంచి కిందికి ఒక్కో గీతే వచ్చింది. ముందు యూనివర్సిటీ పేరు. తర్వాత నా పేరు. మొదటి పేపరు, పాస్. రెండోది, పాస్. మూడోది, నాలుగోది. రికార్డుల పేపరు అన్నింటికంటే కింద. అక్కడికి వచ్చేసరికి పేజీ ఆగిపోయింది. ఇసుక గడియారం తిరగబడుతోంది. భాయ్ నా కుర్చీ వెనుక నిలబడి ఏదో దువా చదువుతున్నాడు. నేను ఏ కీర్తన గుర్తొస్తే అది లోపల్లోపల పాడుతున్నాను.

ఆఖరి గీత వచ్చింది. మార్కులు అన్నిట్లోకీ తక్కువ. పక్కన పాస్.

మళ్లీ చదివాను. భాయ్ నా భుజం మీంచి వంగి చదివాడు. ఆ తర్వాత ఆయన అరిచిన అరుపుకు క్యాబిన్ తలుపులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి, కుర్రాళ్లు బెదిరిపోయి బయటికి తొంగి చూశారు.

"పాస్! మా చెల్లె పాస్! ఏయ్, కింద అందరికీ చాయ్ చెప్పుర్రి!"

నేను ఆ చాయ్ తాగలేదు. ఆగితే కదా. నర్సింగ్ హోంకు పరుగెత్తాను. మెట్ల దగ్గరే నర్సు ఎదురైంది. "పాసైన!" అని అరిచాను.

"ఎరికే గద! మొన్ననే కేకు తింటిమి," అని మందుల ట్రే పట్టుకుని తన దారిన తాను పోయింది.

నేల తుడిచే ఆమెకు చెప్పాను. "మల్లనా?" అన్నది. డాక్టరమ్మ ఒక్కతే లేచి నిలబడి నా చేయి పట్టి ఊపింది. ముందాఫీసులోకి తీసుకెళ్లి, కుర్చీకి ఉన్న పాలిథీన్ కవరు తనే బర్రున చించేసింది. "కూసో ఒకసారి, ఎట్లున్నదో చూద్దాం," అన్నది. కూర్చున్నాను. కింద చక్రాలున్న కుర్చీ, వెనక్కి జారింది, గోడకు గుద్దుకున్నాను. ఇద్దరం నవ్వాం. ఆ రోజుకు సెలవిచ్చి ఇంటికి పొమ్మంది.

బస్సు బోధన్‌లోకి వస్తుంటే ఫ్యాక్టరీ గేటు ముందు బండ్ల వరుస కనబడింది. దిగిపోయాను. బాపు బండి పక్కన ఎడ్లకు గడ్డి వేస్తున్నాడు.

"బాపూ, పాసైన!"

ఆయన గడ్డి చేతిలోనే పెట్టుకుని నన్ను చూశాడు.

"గిది రెండోదా?" అన్నాడు.

నాకు నవ్వు ఆగలేదు. నేను నవ్వుతుంటే అది అవునన్నట్టే అనుకుని, ఆయన వరుస వైపు తిరిగి, "అరే, ఇన్నరా! మా బిడ్డ ఇంకోటి గూడ పాసైంది!" అని కేక వేశాడు. ఆ కేక ఒక బండి నుంచి ఇంకో బండికి అందుకుంటూ గేటు దాకా పోయింది. ఇప్పటికీ ఆ వరుసలోని కొందరికి నేను రెండు డిగ్రీల మనిషినే. బాపుకు మాత్రం ఆ రాత్రి అన్నం దగ్గర కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. విని, "ఒకటైనా మంచిదే," అన్నాడు.

కానీ అందరికంటే ముందు చెప్పాల్సిన మనిషి ఆ సాయంత్రం ఇంకా తోటలోనే ఉంది. నడుచుకుంటూ పోయాను. సగం తోట కోసి ఉంది, మిగిలిన సగం నిలబడి ఉంది. కోత కూలీలు వరుసగా వంగి కోస్తున్నారు. పెద్దమ్మ ఈ చివర, అవ్వ ఆ చివర. ఎండాకులు కాళ్ల కింద గరగరమంటుంటే అవ్వ దగ్గరికి పోయి నిలబడ్డాను. ఆమె తలెత్తి నా మొహం చూసింది.

"వచ్చిందా?"

"వచ్చిందే అవ్వా. పాసైన."

"నిజంగనా?"

చర్చి నిండా జనం ముందు నిలబడి ఒక్క క్షణం కూడా తడబడకుండా సాక్ష్యం చెప్పిన మనిషి, దేవుడి ముందే అయిపోయిందని చెప్పిన మనిషి, ఆ మాట నన్ను మళ్లీ మళ్లీ అడిగింది. "నిజంగనా? కరెంటు పోయింది గూడనా? గదాంట్ల గూడనా?" అన్నింటికీ అవునన్నాను. ఆమె కత్తి పక్కన పెట్టి, ఎండాకుల మీద అట్లాగే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో నాకు కొంతసేపు తెలియలేదు. ఆమెకు కూడా తెలిసినట్టు లేదు.

గట్టు మీద నుంచి ఆసామి కేకేశాడు. "ఏవమ్మా, ఏమైంది? ఎందుకాపేశావు?"

"నా బిడ్డ పాసైంది అయ్యా!"

"అది పాత కబురేగా! పండగప్పుడే చెప్పావుగా!"

"గప్పుడు చెప్పిన అయ్యా. అయింది మాత్రం ఇయ్యాలనే."

కోతవాళ్లంతా లేచి నడుములు పట్టుకుని మా చుట్టూ మూగారు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని అప్పుడు మొత్తం చెప్పింది, పరీక్ష నుంచి కరెంటు దాకా, కరెంటు నుంచి చర్చి దాకా. ఇన్ని వారాలు నా రిజల్ట్ కోసం ఉపవాసముండి తను ఒక్కపూటే తింటున్న సంగతి కూడా ఆ మాటల్లోనే జారిపోయింది. అది నాకే తెలియదు. ఒకే ఇంట్లో ఉండి గమనించలేదు. నేను ఏదో అనబోయేలోగా పెద్దమ్మ కత్తి పట్టిన చేతినే నడుము మీద పెట్టుకుని ముందుకొచ్చింది.

"అంటే కోత పండుగ నాటికి ఇది పాసే కాలేదా? మమ్ముల నమ్మిచ్చి గన్ని సప్పట్లు కొట్టిపిచ్చినవా? నేను చెరుకు గూడ కొనుక్కుంటి గదనే! గా సప్పట్లు ఏం కావాలె?"

అవ్వ కూర్చున్నచోటు నుంచే తల పైకెత్తి ఆమెను చూసింది. మొహం నిండా చెరుకు ధూళి, కన్నీళ్ల చారలు, నవ్వు.

"గవి అడ్వాన్సు," అన్నది. "ఇగ మిగిలినయి కొట్టుర్రి."

పెద్దమ్మే మొదట కత్తి కింద పడేసి చప్పట్లు మొదలుపెట్టింది.